పెద్ద ప్రమాదం జరిగాక లారీ డ్రైవరుకు ఏమవుతుంది? మా అన్నయ్య కోసం అడుగుతున్నాను

రెండో కొడుకు:

మా అన్నయ్య లారీ డ్రైవరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయనకు అదే పని. నెల దాటింది, ఒక రాత్రి సరుకుతో వస్తుండగా పక్క దారిలోంచి ఒక మోటారు సైకిలు నేరుగా లారీ ముందుకు వచ్చేసింది. అన్నయ్య బ్రేకు తొక్కాడు, బండి ఆగింది, కానీ ఆగేలోపే ఘోరం జరిగిపోయింది. ఆ కుర్రాడు అక్కడికక్కడే ప్రాణం వదిలాడు. అన్నయ్య పారిపోలేదు. అంబులెన్సుకు, పోలీసులకు ఫోను చేసింది ఆయనే. తాగి లేడని పరీక్షలో తేలింది. కేసు నడుస్తోంది, బెయిలు వచ్చింది, లైసెన్సు మీద ఇంకా ఏ చర్యా తీసుకోలేదు. ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు.

కానీ మనిషి మునుపటిలా లేడు. అర్ధరాత్రి దాటాక లేచి దీపం వేయకుండా హాల్లో కూర్చుంటాడు. నా కారులో పక్క సీటులో ఉన్నప్పుడు ముందు ఎవరైనా అడ్డం వస్తే చాలు, లేని బ్రేకును కుడికాలితో తొక్కుతాడు. ఎంత గట్టిగా అంటే, కాలి కింది పట్టా ముడతలు పడి ముందుకు జరిగిపోతుంది. ఇంటికి వచ్చే పేపరు అంచుల నిండా అంకెలే. మీటర్లు, సెకన్లు, వేగం రాస్తాడు, కొట్టేస్తాడు, మళ్లీ రాస్తాడు. ఏమిటి అన్నయ్యా ఇది అని అడిగితే ఒకటే మాట: "నాకు బోలెడు సమయం ఉందిరా. వాడి ముఖం కూడా చూశాను. అంత సమయం ఉండి కూడా ఆపలేకపోయాను."

యజమాని వచ్చే వారం నుంచి బండెక్కమంటున్నాడు, పనిలో పడితే అన్నీ మరచిపోతావంటున్నాడు. చూడడానికి వచ్చిన బంధువులు ఒక్కొక్కరూ అసలేం జరిగిందో మొదటి నుంచి చెప్పమంటున్నారు. వదిన మందుల దుకాణం నుంచి నిద్రమాత్రలు తెప్పిద్దామంటోంది. ఇలాంటి ప్రమాదం తర్వాత డ్రైవర్లకు ఏమవుతుంది? కోర్టు సంగతీ, మనిషి సంగతీ రెండూ తెలిసినవారు చెప్పండి.

పద్దెనిమిది చక్రాలు:

కోర్టు సంగతి నేను చెబుతాను. నేను రెండు మూడు దేశాల్లో నడిపాను, మీరు ఏ దేశమో రాయలేదు కాబట్టి అన్ని చోట్లకూ వర్తించేది ముందు చెబుతాను. విచారణ అధికారులు ప్రమాదం జరిగిన క్షణం దగ్గర ఆగిపోరు, దానికి ముందు రోజులను తవ్వుతారు. ఎంతసేపు నిద్రపోయాడు, ఎన్ని గంటలు నడిపాడు, బ్రేకులు ఎప్పుడు చూపించాడు, ఫోను ఎక్కడ ఉంది, ఇవన్నీ అడుగుతారు. అమెరికాలో రవాణా ప్రమాదాలను పరిశోధించే జాతీయ బోర్డు మామూలుగా డ్రైవరు గడిపిన 72 గంటలను వెనక్కి వెళ్లి కూర్చుతుంది. అక్కడ ప్రాణం పోయిన ప్రమాదమైతే బతికి ఉన్న లారీ డ్రైవరుకు మద్యం పరీక్ష 8 గంటల లోపు, మాదక ద్రవ్యాల పరీక్ష 32 గంటల లోపు చేయాలి. ఐరోపాలో అయితే బండి నడిచిన, ఆగిన సమయాలను రాసిపెట్టే ట్యాకోగ్రాఫ్ అనే పరికరంలోని రికార్డు తీస్తారు. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తీసుకున్నాడా లేదా అన్నది అందులో తెలిసిపోతుంది.

భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను డ్రైవరు ఏం చేయాలో చెబుతుంది. గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి, పోలీసులు అక్కడ లేకపోతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల లోపు స్టేషనులో తెలపాలి, బీమా సంస్థకు సమాచారం ఇవ్వాలి. జనం మీద పడి కొట్టే పరిస్థితి ఉంటే వైద్యం విషయంలో మినహాయింపు ఆ సెక్షనులోనే ఉంది. నిర్లక్ష్యం వల్ల మరణానికి భారతీయ న్యాయ సంహిత 106(1) కింద 5 సంవత్సరాల వరకు శిక్ష. చెప్పకుండా పారిపోతే 10 సంవత్సరాల వరకు అన్న 106(2) మీదే 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మెకు దిగారు. ఆ ఏడాది జూలై 1న సంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ ఒక్క భాగాన్ని పక్కన పెట్టారు. ఏ దేశమైనా సరే, మీ అన్నయ్య అక్కడే నిలబడి ఫోను చేశాడన్న సంగతి ఆయనకు అన్నిటికన్నా పెద్ద బలం. ఆ ఫోను వివరాలు, సమయంతో సహా, లాయరుకు ఇవ్వండి.

శిక్షలు ఎలా పడతాయో ముందే చెప్పలేం. 2019 ఏప్రిల్‌లో అమెరికాలోని కొలరాడోలో బ్రేకులు పోయిన లారీ ఆగి ఉన్న వాహనాల మీదికి దూసుకెళ్లి నలుగురు చనిపోయారు. అక్కడి చట్టం ప్రకారం శిక్షలను ఒకదాని తర్వాత ఒకటి అనుభవించాల్సి రావడంతో ఆ డ్రైవరుకు మొత్తం 110 సంవత్సరాలు పడింది. లక్షల మంది సంతకాలు పెట్టాక, 2021 డిసెంబరులో గవర్నరు దాన్ని 10 సంవత్సరాలకు తగ్గించాడు. 2018 ఏప్రిల్‌లో కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక లారీ స్టాప్ గుర్తు దగ్గర ఆగకుండా వెళ్లడంతో హాకీ జట్టు బస్సు దాన్ని ఢీకొంది, 16 మంది పోయారు. డ్రైవరు నేరం ఒప్పుకున్నాడు, 8 సంవత్సరాల జైలు. పనికి కొత్తగా చేరిన ఆ మనిషిని రెండు ట్రెయిలర్ల బండితో ఒంటరిగా పంపిన యజమానికి భద్రతా నియమాలు పాటించనందుకు 5,000 డాలర్ల జరిమానా. నాకు ఈ లెక్క ఎప్పటికీ మింగుడు పడదు. అందుకే చెబుతున్నాను, యజమాని పెట్టిన లాయరు యజమాని మేలు చూస్తాడు. మీ అన్నయ్యకు సొంత లాయరు ఉండాలి.

ఇంకొకటి, ఇది వెంటనే చేయవలసింది. లారీలో కెమెరా ఉంటే అది పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కించుకుంటూ పోతుంది. ఇంజను కంప్యూటరులో చివరిసారి గట్టిగా బ్రేకు వేసిన రికార్డు ఉంటుంది, చాలా బండ్లలో మళ్లీ నడిపితే అది చెరిగిపోతుంది. ఆ సమాచారం తీసి భద్రపరచాలని లాయరు ద్వారా రాతపూర్వకంగా అడగండి. బండి ఇప్పటికే రోడ్డెక్కి ఉంటే, ముందే తీసిపెట్టిన కాపీ ఎవరి దగ్గరుందో అడగండి.

పాత శిక్షకుడు:

పై ఆయన చెప్పింది బాగుంది, అందులో నేను కలిపేదేమీ లేదు. నేను మనిషి సంగతి చెబుతాను. సరుకు రవాణా డ్రైవర్లకు శిక్షణ ఇవ్వడం, ప్రమాదాల తర్వాత లోపలి విచారణలో కూర్చోవడం నా ఉద్యోగంగా ఉండేది. గదిలో బల్లకు అవతల కూర్చున్న డ్రైవర్ల నోట "బోలెడు సమయం ఉంది" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. మీరు రాసినదంతా చదివాక నాకు ఆ వాక్యమే పట్టుకుంది. ఎందుకంటే మీ అన్నయ్య తన మీద తాను నడుపుకుంటున్న విచారణలో ప్రధాన సాక్ష్యం అదే, ఆ సాక్ష్యం నమ్మదగినది కాదు.

2007లో డేవిడ్ ఈగిల్‌మన్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసేవారు ఒక ప్రయోగం ప్రచురించారు. మనుషులను 31 మీటర్ల ఎత్తు నుంచి వెనక్కి, కింద కట్టిన వలలోకి పడేశారు. తర్వాత, మీరు పడడానికి ఎంతసేపు పట్టిందో చెప్పమన్నారు. ఇతరులు పడుతుంటే చూసి వేసిన అంచనా కన్నా తాము పడిన సమయాన్ని వాళ్లు సగటున 36 శాతం ఎక్కువగా చెప్పారు. అసలు విశేషం ఇక్కడుంది. పడేటప్పుడు వాళ్ల మణికట్టుకు ఒక చిన్న పరికరం కట్టారు. మామూలుగా చదవలేనంత వేగంగా దాని మీద అంకెలు మారుతుంటాయి. నిజంగా కాలం నెమ్మదించినట్టు కనిపిస్తే ఆ అంకెలు చదవగలగాలి. చదవలేకపోయారు. అంటే ఆ క్షణంలో వాళ్లు ఎక్కువ చూడలేదు, ఎక్కువ చేయలేదు. భయంలో మెదడు జ్ఞాపకాన్ని దట్టంగా రాసుకుంటుంది, తర్వాత తలుచుకున్నప్పుడు అది సాగి కనిపిస్తుంది. మీ అన్నయ్య ఆ కుర్రాడి ముఖం చూశాడు, నిజమే. ముఖం చూడడానికి సెకనులో కొంత భాగం చాలు. ఆ కొంత భాగం ఇప్పుడు రోజంతా నడుస్తోంది కాబట్టి అప్పుడు కూడా అంత సమయం ఉందనిపిస్తోంది.

ఇక పేపరు అంచుల మీది లెక్కలు. ఆయనను ఆ లెక్కలు మానమనకండి. సరైన అంకెలు ఇవ్వండి. ఆయన ఎంత వేగంలో ఉన్నాడో నాకు తెలియదు, ఉదాహరణకు గంటకు 80 కిలోమీటర్లు అనుకుందాం. అంటే సెకనుకు 22 మీటర్లు. రాత్రి పూట, ఎదురుచూడని వస్తువు పక్కనుంచి వచ్చినప్పుడు, అది ఏమిటో గుర్తించి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒకటిన్నర సెకను పట్టడం మామూలు. ఆ లోపే 33 మీటర్లు అయిపోయాయి, బండి వేగం ఇంకా ఒక్క గీత కూడా తగ్గలేదు. లారీవి గాలి బ్రేకులు. పెడలు నొక్కాక గాలి గొట్టాల్లోంచి వెళ్లి చక్రాల దగ్గర బ్రేకులు పట్టుకోవడానికి మరో అర సెకను వరకు పోవచ్చు, ఇంకో 11 మీటర్లు. అక్కడి నుంచి పొడి రోడ్డు మీద, బ్రేకులు బాగున్న సరుకు బండి పూర్తిగా ఆగడానికి 50 మీటర్ల దాకా కావాలి. మొత్తం కలిపితే 90 మీటర్లు దాటింది. మోటారు సైకిలు 30 మీటర్ల దూరంలో రోడ్డెక్కి ఉంటే, కాలు పెడలు మీద పడేలోపే బండి అక్కడికి చేరుకుంటుంది. ఎంత చేయి తిరిగిన డ్రైవరైనా అంతే.

ఈ లెక్కలో ఆయన బండి అసలు అంకెలు పెట్టాలి, అందుకే పైన చెప్పిన ఇంజను రికార్డు తెప్పించమంటున్నాను. లాయరు ముందు చూడాలి, తర్వాత లాయరు సమక్షంలో మీ అన్నయ్య చూడాలి. అందులో ఆయనకు అనుకూలంగానే ఉంటుందని నేను మాట ఇవ్వలేను. వేగం ఎక్కువ ఉందనో, బ్రేకు ఆలస్యమైందనో తేలవచ్చు. అలా తేలిన డ్రైవర్లనూ చూశాను. వాళ్లు ఏడ్చారు, కానీ అంకెలు కొట్టేసి మళ్లీ వేయడం ఆగింది. అంతులేని తప్పు తనదేనని ఊహించుకుంటూ బతకడం కన్నా, తన వంతు ఎంతో తెలుసుకుని బతకడం మనిషికి సాధ్యమైన పని.

ఈ లోపు ఒక జాగ్రత్త. "నా తప్పే, సమయం ఉండి ఆపలేదు" అని ఆయన వచ్చినవాళ్లతో కూడా అంటున్నాడేమో. ఫోను సందేశాల్లో కూడా రాస్తుంటే వెంటనే ఆపించండి. సాగిపోయిన జ్ఞాపకంతో అన్న మాట కోర్టులో ఒప్పుకోలులా వినిపిస్తుంది. ఆ పేపర్లు కూడా చెత్తలో వేయకండి, ఎవరికీ చూపించకండి, ముందు లాయరును అడగండి.

బంధువుల సంగతికి వస్తాను. మొదటి నుంచి చెప్పించడం మంచిదని ఒకప్పుడు నిపుణులే నమ్మారు. ప్రమాదం జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి ఒక్కసారిలో మొత్తం చెప్పించేవారు. ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్డు ప్రమాదాలకు గురై ఆసుపత్రిలో చేరినవారి మీద దీన్ని పరీక్షించి, మూడేళ్ల తర్వాత మళ్లీ చూశారు. ఆ ఫలితం 2000లో వచ్చింది. మొదట్లో బాగా కలత చెందినవారిలో, ఎవరి చేత అలా చెప్పించారో వాళ్లు, ఎవరి చేత చెప్పించలేదో వాళ్ల కన్నా అధ్వాన్నంగా ఉన్నారు. కాబట్టి వచ్చినవాళ్లకు మీరే గుమ్మంలో చెప్పండి: పలకరించండి, భోజనం చేసి వెళ్లండి, ఆ రాత్రి గురించి అడగవద్దు. ఆయనంతట ఆయన చెప్పాలనుకున్నప్పుడు మీరో వదినో వినండి, మధ్యలో సరిదిద్దకండి, "నీ తప్పేమీ లేదులే" అని తోసిపుచ్చకండి. ఆ మాట ఆయన నమ్మడు, పైగా మీకు అర్థం కాలేదనుకుంటాడు.

నిద్రమాత్రలు దుకాణం నుంచి తేవద్దని వదినగారికి గట్టిగా చెప్పండి. ప్రమాదం తర్వాతి మొదటి నెలలో నిద్ర పట్టకపోయినా బెంజోడయజెపిన్ రకం మందులు (చాలా నిద్రమాత్రలు ఈ రకమే) ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. నెల దాటాక అయినా ఏ మందు కావాలో డాక్టరు చూసి రాయాలి. ఆ మాత్రల మత్తు మర్నాడు ఉదయం కూడా ఉండవచ్చు, ఆ మత్తులో స్టీరింగు పట్టుకుంటే మళ్లీ ఏం జరుగుతుందో నేను చెప్పనక్కర్లేదు. మద్యం కూడా అంతే.

మొదటి నెలలో నిద్ర లేకపోవడం, ఉలిక్కిపడడం, లేని బ్రేకు తొక్కడం చాలామందికి ఉంటుంది, చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోతే, బతుకు ముందుకు సాగనివ్వకపోతే, దాన్ని పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన సంఘటన తర్వాత మనసును వదలకుండా పట్టుకునే జబ్బు, అన్న అనుమానంతో డాక్టరు పరీక్షించాలి. అది పిరికితనం కాదు, 1980 నుంచి వైద్యుల గ్రంథాల్లో ఆ పేరుతో ఉన్న జబ్బు. దానికి పని చేసే చికిత్స ఉంది. ఆ సంఘటన మీదే కేంద్రీకరించి చేసే మాటల చికిత్స, కళ్లను ఇటూ అటూ కదిలిస్తూ చేసే ఈఎండీఆర్, ఈ రెండింటికీ మంచి ఆధారాలున్నాయి. పైన చెప్పిన ఒక్కసారి చెప్పించడానికీ దీనికీ పోలిక లేదు. ఇది తెలిసిన నిపుణుడు వారం వారం, రోగి తట్టుకునే మేరకు చేస్తాడు. మీరు నెల దాటిందన్నారు. ఈ వారమే తీసుకెళ్లండి.

చివరగా, నేను ప్రతి కుటుంబానికీ చెప్పే మాట. "నేను బతికి ఉండి ఏం లాభం" లాంటి మాట ఎప్పుడైనా అన్నాడా? అనకపోయినా సూటిగా అడగండి, చనిపోవాలనిపిస్తోందా అని. అడిగితే ఆ ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడకండి, అలా జరగదు. అవునంటే వారం దాకా ఆగవద్దు, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి.

రెండో కొడుకు:

చదివి వదినకు కూడా చూపించాను. మాత్రలు తెప్పించే ఆలోచన మానుకున్నాం, గురువారానికి డాక్టరు దొరికారు. మీరు చెప్పినట్టే సూటిగా అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "అలా ఏం లేదు, కానీ వాళ్లమ్మకు నా ముఖం చూపించాలని ఉంది" అన్నాడు. ఆ కుర్రాడి ఇంటికి వెళ్లి కాళ్ల మీద పడతానంటున్నాడు. వెళ్లనివ్వాలా?

నీలిగీత:

ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది నేనే అనుకుంటాను. మా తమ్ముడు లారీ కింద పడి పోయాడు. ఇక్కడ డ్రైవరు నిద్ర గురించి, డ్రైవరు మనసు గురించి ఇంత రాస్తుంటే మొదట నాకు కోపం వచ్చింది. మా అమ్మ నిద్ర గురించి ఎవరు రాశారు? అయినా మొత్తం చదివాను, మీ అన్నయ్య ఆగి ఫోను చేశాడన్న మాట దగ్గర ఆగిపోయాను. మా తమ్ముడిని గుద్దిన డ్రైవరు కూడా ఆగాడు. వాడి తల ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడట, చూసినవాళ్లు చెప్పారు. వాడు రోడ్డు మీద ఒంటరిగా పోలేదన్న ఒక్క సంగతి మా అమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది.

అయితే ఆయన పదిహేను రోజుల్లోపే మా ఇంటికి వచ్చాడు, అదే కాళ్ల మీద పడడం కోసం. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ ఆయన్ని భరించే స్థితిలో లేరు. మా పెదనాన్న కర్ర తీసుకున్నాడు. అమ్మ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆయన గుమ్మంలో ఏడుస్తుంటే ఆయన్ని ఓదార్చే పని మా మీద పడింది, అది మాకు అన్యాయం అనిపించింది. క్షమించమని అడగడం అంటే మా దగ్గర ఏదో తీసుకోవడానికి రావడమే. అప్పుడు ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదు.

కేసు అయిపోయిన చాలా రోజులకు, లాయర్ల ద్వారా ఆయన దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఒక పేజీ. క్షమించమని లేదు. ఆ సాయంత్రం ఏం జరిగింది, వాడు ఏమైనా మాట్లాడాడా, ఎంతసేపు ఊపిరి ఉంది, అదంతా ఉంది. నీళ్లు అడిగాడట, తడిగుడ్డతో పెదవులు తడిపాడట. అమ్మ ఆ ఉత్తరం బీరువాలో చీరల కింద పెట్టుకుంది. మాకు కావలసింది అది. వాడి చివరి నిమిషాలు తెలిసిన మనిషి ఈ లోకంలో ఆయన ఒక్కడే.

కాబట్టి ఇప్పుడు వెళ్లనివ్వకండి. ఉత్తరం రాయమనండి, కానీ పంపించవద్దు. కేసు తేలాక లాయరుతో, వాళ్ల తరఫువారితో మాట్లాడి, ఆ తల్లి చదవాలనుకుంటే అప్పుడు ఇవ్వండి. ఆమె వద్దంటే ఎప్పటికీ ఇవ్వకండి.

పాత శిక్షకుడు:

అమ్మా, మీరు రాసింది మా విచారణ గదుల్లో అందరూ చదవవలసింది. మీకు నమస్కారం. రెండో కొడుకు గారూ, ఆమె చెప్పినట్టే చేయండి. కోర్టు పరంగా కూడా అదే క్షేమం. చాలాచోట్ల కేసు నడుస్తుండగా నిందితుడు బాధితుల కుటుంబాన్ని కలవడం సాక్షులను ప్రభావితం చేయడం కిందికి వస్తుంది, బెయిలు షరతుల్లో ఆ మాట ఉందేమో చూడండి.

తెలియక ఒకరి ప్రాణం పోవడానికి కారణమైనవారు ఎలా బతకాలన్న దాని మీద మేరియన్ గ్రే అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలా రాశారు. 1977లో అమెరికాలో ఆమె కారుకు అడ్డంగా పరిగెత్తి వచ్చిన ఎనిమిదేళ్ల బాలుడు చనిపోయాడు. పోలీసులు ఆమె తప్పు లేదన్నారు. అయినా ఏళ్ల తరబడి ఆమె ఆ సంగతి ఎవరితోనూ పంచుకోలేకపోయారు. 2003లో ఇలాంటి మరో ప్రమాదం వార్త విన్నాక రేడియోలో బయటపెట్టారు, ఆ తర్వాత అదే స్థితిలో ఉన్నవారి కోసం ఒక వెబ్‌సైటు నడిపారు. ఇలా జరిగినవారికి తమలాంటి మరో మనిషితో మాట్లాడడం ఎంత అవసరమో ఆమె పదే పదే చెప్పారు. మీ అన్నయ్య తోటి డ్రైవర్లలో ఇలాంటిది దాటి వచ్చినవారు తప్పకుండా ఉంటారు. బయటికి చెప్పుకోరు. మీరు వెతికి పట్టుకోండి, ఒక సాయంత్రం ఇంటికి పిలవండి. కేసు మాటలు ఎత్తవద్దని ముందే చెప్పండి.

ఇప్పుడు యజమాని మాట. వచ్చే వారం బండెక్కడం కుదరదు. నిద్ర లేని మనిషికి, లేని బ్రేకులు తొక్కుతున్న మనిషికి సరుకు బండి ఇవ్వడం రోడ్డు మీద ఉన్న మిగతావారికి కూడా ప్రమాదమే. అలాగని ఇక జన్మలో స్టీరింగు ముట్టనని ఆయన అంటే దానికీ తొందరపడి తలూపకండి. తప్పించుకున్న కొద్దీ ఆ భయం పెద్దదవుతుంది. డాక్టరు సరేనన్నాక మెట్టు మెట్టుగా వెళ్లాలి. ముందు ఆగి ఉన్న లారీలో, తాళం లేకుండా, ఊరికే కూర్చోవడం. గుండె దడ తగ్గేదాకా అందులోనే ఉండాలి, దడ మధ్యలో దిగిపోతే మర్నాడు ఎక్కడం ఇంకా కష్టమవుతుంది. తర్వాత ఖాళీ మైదానంలో ఖాళీ బండి. తర్వాత పగటి పూట, పక్కన మరో డ్రైవరుతో, తెలిసిన దారి. రాత్రి నడపడం, సరుకుతో నడపడం, ప్రమాదం జరిగిన రోడ్డు, ఈ మూడూ అన్నిటికన్నా చివర, అవి కూడా ఒకేసారి వద్దు. ఒక మెట్టు మీద నిద్ర మళ్లీ చెడితే ఒక మెట్టు వెనక్కి రావాలి. దీనికి కొందరికి వారాలు పట్టింది, కొందరికి ఏడాది పట్టింది. కొందరు తిరిగి రాలేదు, గోదాములో సరుకు లెక్కలు చూస్తూనో కొత్తవారికి బండి తనిఖీ నేర్పుతూనో నిలబడ్డారు.

ఈ లోపు జీతం ఎలా అన్నది అసలు బాధ అని నాకు తెలుసు. పని చేస్తుండగా జరిగిన ప్రమాదం వల్ల వచ్చిన జబ్బుకు పరిహారం, సెలవు ఇచ్చే చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. మనసుకు తగిలిన గాయాన్ని కొన్నిచోట్ల లెక్కలోకి తీసుకుంటారు, కొన్నిచోట్ల ఒంటి గాయం కూడా ఉంటేనే తీసుకుంటారు. లాయరును ఈ ప్రశ్న విడిగా అడగండి, గడువు దాటితే దరఖాస్తు చెల్లదు. గురువారం డాక్టరు దగ్గర నుంచి రెండు కాగితాలు తీసుకోండి. ఒకటి ఎప్పటి నుంచి ఏ లక్షణాలున్నాయో రాసినది, రెండోది ఫలానా తేదీ వరకు వాహనం నడపకూడదని రాసినది. రెండోదాన్ని యజమానికి చేతికివ్వకుండా రిజిస్టరు పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. దానితో పాటు పంపే ఉత్తరంలో ప్రమాదం గురించి ఒక్క వాక్యం కూడా ఉండకూడదు. సెలవు కావాలి, డాక్టరు కాగితం జతపరిచాను, అంతే. ముసాయిదా రాసి ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి. నేను చూసి దిద్దుతాను.